రెండు గంటల జీఆర్‌ఈ: పాత పుస్తకాలతో కొత్త పరీక్షకు ఎలా సిద్ధం కావాలి?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు చదువుకునే మన తెలుగు పిల్లల దగ్గర, విదేశాల్లో మాస్టర్స్ సీటు కోసం రాసే జీఆర్‌ఈ పరీక్ష పుస్తకాలు చాలావరకు చేతులు మారి వచ్చినవే. అమెరికా వెళ్తూ సీనియర్ అన్నయ్య ఇచ్చినవో, హైదరాబాదులో కోచింగు తీసుకున్న పెదనాన్నగారి అబ్బాయి వదిలేసినవో అయి ఉంటాయి. వాటిలో పరీక్ష మూడు గంటల ముప్పావు. 2023 సెప్టెంబరు 22 నుంచి అదే పరీక్ష 1 గంట 58 నిమిషాలకు తగ్గింది. ఇది తెలియగానే కొందరు పుస్తకాలన్నీ పక్కన పడేసి కొత్తవి కొంటున్నారు. కొందరు ఏమీ మారనట్టు పాత మాక్ టెస్టులు అలాగే రాస్తున్నారు. రెండూ నష్టమే. సిలబస్ దాదాపు అదే ఉంది, ప్రశ్నకు దొరికే సమయమూ అంతే ఉంది. పెరిగింది ఒక్కో తప్పు ఖరీదు. ప్రిపరేషన్ దాన్ని బట్టి మారాలి.

మొదటి అడుగు: మీకు జీఆర్‌ఈ అవసరమో కాదో తేల్చుకోండి

కోవిడ్ తర్వాత చాలా మాస్టర్స్ కోర్సులకు జీఆర్‌ఈ తప్పనిసరి కాకుండా పోయింది. ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటు అడుగుతుంది, పక్క డిపార్ట్‌మెంటు అడగదు. మీరు అప్లై చేయాలనుకునే ఏడెనిమిది కోర్సుల పేజీలు తెరిచి తప్పనిసరా, ఐచ్ఛికమా, అసలు చూడరా అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఐచ్ఛికం అన్నచోట మీ సీజీపీఏ కాస్త తక్కువగా ఉంటే మంచి క్వాంట్ (లెక్కల విభాగం) స్కోరు బలం ఇస్తుంది. ఫీజే 20 వేల రూపాయల పైమాట కాబట్టి ఈ గంట పని ముందే చేయండి.

ఎంబీఏ వైపు వెళ్లేవాళ్లకు జీమ్యాట్ కూడా మారిపోయింది. 2023 నవంబరులో కొత్త రూపం మొదలైంది, 2024 జనవరి 31తో పాతది ఆగిపోయింది. ఇప్పుడది 2 గంటల 15 నిమిషాల పరీక్ష. ఎస్సే లేదు, సెంటెన్స్ కరెక్షన్ లేదు, క్వాంట్‌లో జామెట్రీ లేదు. స్కోరు 205 నుంచి 805 వరకు. జీమ్యాట్ పాత పుస్తకాలు మాత్రం జీఆర్‌ఈ పుస్తకాలంతగా పనికిరావు.

రెండో అడుగు: పుస్తకం కంటే ముందు పాస్‌పోర్టు

మన జిల్లాల పిల్లలకు అన్నిటికంటే ఆలస్యమయ్యేది ఇదే, అందుకే ముందు పెట్టాను. పరీక్ష రోజున చూపించాల్సిన గుర్తింపు పాస్‌పోర్టు. దాని మీద పేరు ఎలా ఉందో, జీఆర్‌ఈ నడిపే ఈటీఎస్ సంస్థ వెబ్‌సైటులోని మీ అకౌంట్లో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. తేడా ఉంటే లోపలికి రానివ్వకపోవచ్చు, కట్టిన ఫీజూ తిరిగి రాదు.

సరిహద్దులో ఈ పేరు సంగతి మామూలు కంటే చిక్కు. ఇంట్లో మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడిశా బోర్డు సర్టిఫికెట్లలో అది చాలాసార్లు చివరికి వెళ్తుంది. ఒడియా రాతలో బ, వ లకు మామూలుగా ఒకే అక్షరం వాడతారు కాబట్టి మన ‘వెంకట’ కొన్ని స్కూలు రికార్డుల్లో ‘బెంకట’ అయి కూర్చుంటుంది. ఆధార్ ఆంధ్రాలో అమ్మమ్మగారింట్లో ఉన్నప్పుడు తీయించి ఉంటే అందులో స్పెల్లింగు ఇంకోలా ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, కాలేజీ మార్కుల జాబితా మూడూ బల్ల మీద పెట్టి ఒక్కో అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే పాస్‌పోర్టుకు అప్లై చేయకముందే సరిచేయించుకోండి. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలిపోయి ఉంటే దాన్ని కూడా పూర్తిగా విప్పి రాయించుకోవడం మేలు.

దేశంలో ఎక్కడినుంచైనా పాస్‌పోర్టుకు అప్లై చేసుకునే వీలు 2018 నుంచి ఉంది. గుణుపురం, రాయగడ వాళ్లకు భువనేశ్వర్ కంటే విశాఖ దగ్గరనిపిస్తే అక్కడే స్లాట్ తీసుకోవచ్చు. పోలీసు వెరిఫికేషన్ మాత్రం మీరు ఫారంలో రాసిన చిరునామా ఉన్న ఠాణాకే వస్తుంది. ఆ రోజుల్లో మీరు హాస్టల్లో ఉంటే నాన్నగారికి చెప్పి ఉంచండి.

మూడో అడుగు: కొత్త పరీక్షను అంకెల్లో చూడండి

మొదట ఎప్పుడూ ఎస్సేనే వస్తుంది. ఒక్కటే, 30 నిమిషాలు. పాత పరీక్షలో ఉన్న రెండో ఎస్సే, అంటే ఎదుటివాడి వాదనలో లోపాలు పట్టే ఆర్గ్యుమెంట్ ఎస్సే, తీసేశారు. తర్వాత వెర్బల్ (ఇంగ్లిషు విభాగం) రెండు సెక్షన్లు, క్వాంట్ రెండు సెక్షన్లు. ఏది ముందు వస్తుందో చెప్పలేం.

వెర్బల్ మొదటి సెక్షన్: 12 ప్రశ్నలు, 18 నిమిషాలు
వెర్బల్ రెండో సెక్షన్: 15 ప్రశ్నలు, 23 నిమిషాలు
క్వాంట్ మొదటి సెక్షన్: 12 ప్రశ్నలు, 21 నిమిషాలు
క్వాంట్ రెండో సెక్షన్: 15 ప్రశ్నలు, 26 నిమిషాలు

మార్కులు లెక్కపెట్టని ప్రయోగ సెక్షన్ పోయింది. మధ్యలో ఇచ్చే 10 నిమిషాల విరామం కూడా పోయింది. స్కోరు స్కేలు మారలేదు: వెర్బల్, క్వాంట్ ఒక్కొక్కటి 130 నుంచి 170, ఎస్సే 0 నుంచి 6.

ఇప్పుడు భాగహారం చేయండి. పాత వెర్బల్‌లో 20 ప్రశ్నలకు 30 నిమిషాలు, అంటే ప్రశ్నకు నిమిషంన్నర. కొత్తదాంట్లో 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, మళ్లీ నిమిషంన్నరే. క్వాంట్ అప్పుడూ ఇప్పుడూ ప్రశ్నకు దాదాపు నిమిషం 45 సెకన్లు. కాబట్టి ‘పరీక్ష చిన్నదైంది, స్పీడు పెంచాలి’ అని ఎవరైనా చెబితే పట్టించుకోవద్దు. వేగం మారలేదు. మారింది మరొకటి: ఇంతకుముందు ఒక్కో విభాగంలో 40 ప్రశ్నల మీద తేలే స్కోరు ఇప్పుడు 27 ప్రశ్నల మీదే తేలుతుంది.

పైగా మొదటి సెక్షన్ ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ స్థాయి మారుతుంది. అంటే మొదటి 12 ప్రశ్నల్లో కంగారుగా రెండు మూడు పోగొట్టుకుంటే రెండో సెక్షన్ తేలికగా వచ్చి, పై స్కోరుకు దారి ఇరుకైపోతుంది. రెండో సెక్షన్ కష్టంగా అనిపిస్తే టెన్షన్ పడొద్దు, మొదటిది బాగా రాశారని అర్థం చేసుకోవచ్చు. మన వైపు పిల్లలకు క్వాంట్‌లో కాన్సెప్టు లోటు చాలా తక్కువ. మార్కులు పోయేది ‘పూర్ణ సంఖ్య’ అన్న మాట చదవకపోవడం దగ్గర, సున్నాను, రుణ సంఖ్యలను మరిచిపోవడం దగ్గర.

ఒక ఉదాహరణ చూడండి. సున్నా కాని ఒక సంఖ్య వర్గం పెద్దదా, ఘనం పెద్దదా? 2 వేసి చూస్తే 4, 8 వస్తాయి కాబట్టి ఘనం పెద్దదని టిక్కు పెట్టేస్తారు. అర వేసి చూడండి: వర్గం పావు, ఘనం అరపావు. ఇప్పుడు వర్గం పెద్దది. 1 వేస్తే రెండూ సమానం. సరైన జవాబు ‘ఇచ్చిన సమాచారంతో చెప్పలేం’. ఇలాంటి పోలిక ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఒక పెద్ద సంఖ్య, ఒక భిన్నం, ఒక రుణ సంఖ్య, కుదిరితే సున్నా వేసి చూసే అలవాటు చేతికి రావాలి. ఈ ఒక్క అలవాటుకు వారం రోజులు కేటాయించినా దండగ కాదు.

నాలుగో అడుగు: పాత పుస్తకాన్ని కొత్త పరీక్షగా మలచుకోండి

ముందు పుస్తకం వయసు పట్టండి. స్కోరు 800కి ఉంటే అది 2011 ఆగస్టుకు ముందుది. అందులోని యాంటొనిమ్స్, అనాలజీలు ఇప్పుడు లేవు. ఆ వెర్బల్ భాగం వదిలేయండి. స్కోరు 170కి ఉండి రెండు ఎస్సేలు కనిపిస్తే అది 2011కీ 2023కీ మధ్యది. ఇదే మన ఇళ్లలో ఎక్కువ, ఇదే బంగారం కూడా. టెక్స్ట్ కంప్లీషన్ (ఖాళీలు నింపడం), సెంటెన్స్ ఈక్వివలెన్స్ (వాక్యానికి ఒకే అర్థం ఇచ్చే రెండు మాటలు ఎంచడం), పాసేజీలు, క్వాంట్ పోలికలు, అంకె టైపు చేసే ప్రశ్నలు, గ్రాఫులు అన్నీ ఇప్పటికీ అవే.

మాక్ టెస్టును మాత్రం అలాగే రాయొద్దు. రెండు పాత వెర్బల్ సెక్షన్లు తీసుకుని మొదటిదాంట్లోంచి 12, రెండోదాంట్లోంచి 15 ప్రశ్నలు ఏరుకోండి. మిగిలిన 13 ప్రశ్నలు రోజువారీ అభ్యాసానికి వాడుకోండి. క్వాంట్‌కూ అంతే.

ఏరడంలో ఒక జాగ్రత్త ఉంది. పాత క్వాంట్ సెక్షన్లలో మొదటి ఏడెనిమిది ప్రశ్నలూ పోలిక ప్రశ్నలే ఉంటాయి. వరసగా మొదటి 12 తీసుకుంటే సగానికి పైగా అవే వచ్చి, గ్రాఫు ప్రశ్న ఒక్కటీ రాదు. నాలుగైదు పోలికలు తీసుకుని, మిగతావి చివరి భాగం నుంచి, గ్రాఫు ప్రశ్నలు తప్పకుండా ఉండేలా తీసుకోండి. వెర్బల్‌లో దాదాపు సగం ప్రశ్నలు పాసేజీల నుంచి ఉండేలా చూసుకోండి. ఈ ఏరే పని మీరే చేస్తే ప్రశ్నలు ముందే కంటబడతాయి. స్నేహితుడితో కలిసి చదువుతుంటే మీ పేపరు అతను, అతని పేపరు మీరు తయారుచేసుకోండి.

రాసేటప్పుడు ఫోన్లో 21 నిమిషాలు పెట్టుకుని, సుమారు పది నిమిషాలకు ఆరు ప్రశ్నలు దాటానా అని ఒక్కసారే చూసుకోండి. తెగని ప్రశ్నకు గుర్తు పెట్టి ముందుకు వెళ్లండి. అసలు పరీక్షలోనూ సెక్షన్ లోపల వెనక్కి రావచ్చు, జవాబు మార్చవచ్చు. సెక్షన్ దాటాక మాత్రం రాలేరు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు. మూడు ఖాళీలున్న వాక్యంలో రెండు సరిగ్గా పెట్టి మూడోది తప్పితే మార్కు రాదు. ‘వర్తించేవన్నీ ఎంచుకోండి’ అన్నచోటా సగం మార్కులు ఇవ్వరు.

తప్పుల నోటుబుక్ ఒకటి పెట్టండి. జవాబు ఏమిటని రాసుకోవడం కంటే ఎందుకు తప్పాను అన్నది ఒక్క వాక్యంలో తెలుగులోనే రాసుకోండి: ‘వ్యాసం అడిగితే వ్యాసార్థం లెక్కకట్టాను’, ‘పాసేజీలో లేని మాట నేనే ఊహించాను’. 27 ప్రశ్నల పరీక్షలో స్కోరు పెంచేది ఈ నోటుబుక్కే అని నా గట్టి నమ్మకం. కొత్తగా వెయ్యి లెక్కలు చేయడం కంటే ఇది మేలు.

ఈటీఎస్ వెబ్‌సైటులో పవర్‌ప్రెప్ అని రెండు పూర్తి మాక్ పరీక్షలు ఉచితంగా దొరుకుతాయి. అవి కొత్త పద్ధతిలోనే ఉంటాయి, అసలు పరీక్ష తెర ఎలా ఉంటుందో అలాగే కనిపిస్తాయి. రెండే ఉన్నాయి కాబట్టి పొదుపుగా వాడండి. బేసిక్స్ ఒక చుట్టు అయ్యాక ఒకటి, పరీక్షకు పది రోజుల ముందు ఇంకొకటి. తెర మీది క్యాలిక్యులేటర్ కూడా అందులోనే అలవాటు చేసుకోండి. మౌస్‌తో అంకెలు నొక్కడం మనం అనుకున్నంత త్వరగా తెమలదు, చిన్న గుణకారాలు నోటితోనే చేసుకోవడం నయం. మాక్ రాసేటప్పుడు మధ్యలో లేవొద్దు. విరామం లేని రెండు గంటలు కూర్చోవడం కూడా సాధన చేయాల్సిన విషయమే.

ఐదో అడుగు: ఎస్సేకు మన ఊరి సరుకు వాడండి

ఇష్యూ ఎస్సేలో ఒక అభిప్రాయం ఇచ్చి దానితో ఎంతవరకు ఏకీభవిస్తారో కారణాలతో రాయమంటారు. పరీక్షలో రాగల అంశాలన్నీ ఈటీఎస్ ముందే వెబ్‌సైటులో పెట్టింది. అన్నీ రాయనక్కర్లేదు. చదువు, టెక్నాలజీ, ప్రభుత్వం, సమాజం అని గుంపులు చేసుకుని ఒక్కో గుంపుకు మూడు నాలుగు ఉదాహరణలు సిద్ధం చేసుకోండి. అంశం కింద ఉండే సూచనను వదిలేయొద్దు. వ్యతిరేక వాదన కూడా చర్చించమని ఉంటే అది లేని ఎస్సే ఎంత బాగున్నా మార్కులు తగ్గుతాయి.

చాలామంది అందరూ రాసే స్టీవ్ జాబ్స్, ఎడిసన్‌లనే పట్టుకుంటారు. మనకు వాటికంటే మంచి ఉదాహరణలు ఇంటి పక్కనే ఉన్నాయి. లోకం మొదట కాదన్న ఆలోచన తర్వాత నిలబడుతుందా అన్న తరహా అంశం వచ్చిందనుకోండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని ఆ పిల్లల కోసం పుస్తకాలు తయారుచేశారు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలుండాలని వాదించినప్పుడు గ్రాంథికవాదులైన పండితులు గట్టిగా ఎదిరించారు. ఈ రోజు పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఆయన కోరిన భాషకే వచ్చాయి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన ఎవరో పేపరు దిద్దేవాళ్లకు తెలియదు కాబట్టి ఒక వాక్యంలో పరిచయం చేసి, ఆ ఉదాహరణ మీ వాదనను ఎలా నిలబెడుతుందో మూడు వాక్యాల్లో చెప్పండి.

ప్రభుత్వాలు తప్పుల నుంచి నేర్చుకుంటాయా అన్న అంశానికి ఒడిశా తుఫాన్ల కంటే బలమైన ఉదాహరణ నాకు తట్టదు. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది చనిపోయారు. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు లక్షల మందిని ముందే తరలించడంతో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. మన కళ్లముందు జరిగింది కాబట్టి వివరం దానంతటదే వస్తుంది, అరువు తెచ్చుకున్న ఉదాహరణలో రాదు.

టైపింగు సాధన మరిచిపోవద్దు. అక్కడ స్పెల్లింగు తప్పులు ఎర్ర గీతతో చూపించే సౌకర్యం ఉండదు. ఇంట్లో కూడా మామూలు నోట్‌ప్యాడ్‌లోనే రాయండి.

ఆరో అడుగు: తేదీ, సెంటరు, ఇల్లు

తేదీ పెట్టుకునేటప్పుడు మన తీరం క్యాలెండరు గుర్తుంచుకోండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, విశాఖను ఊడ్చేసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, గజపతి జిల్లాను దెబ్బతీసిన తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. మూడూ ఒకే వారంలో! ఆ నెలలో రైళ్లు ఆగినా, కరెంటు పోయినా ఆశ్చర్యం లేదు. చాలా యూనివర్సిటీల గడువులు డిసెంబరు, జనవరిల్లో ఉంటాయి కాబట్టి ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో రాయండి. స్కోరు నచ్చకపోతే నవంబరులో మళ్లీ రాసే వీలుంటుంది. రెండు ప్రయత్నాల మధ్య కనీసం 21 రోజుల ఎడం ఉండాలి, 12 నెలల్లో 5 సార్లకు మించి రాయలేరు. తేదీ మార్చుకోవాలంటే పరీక్షకు 4 రోజుల ముందుగానే మార్చుకోవాలి, దానికి విడిగా రుసుము ఉంటుంది.

సెంటర్ల కోసం అకౌంట్లో భువనేశ్వర్, కటక్ వైపూ, విశాఖ, విజయవాడ, హైదరాబాదు వైపూ చూసి, ఖాళీ ఉన్న తేదీని రైలుతో కలిపి లెక్కవేయండి. బరంపురం వాళ్లకు హౌరా, చెన్నై లైను చేతిలో ఉంది. రాయగడ వాళ్లు విజయనగరం మీదుగా, గుణుపురం, పర్లాకిమిడి వాళ్లు నౌపడా మీదుగా రావాలి. ఎవరైనా సరే ముందు రోజు మధ్యాహ్నానికే చేరిపోండి. రాత్రి బండి దిగి నేరుగా పరీక్షకు వెళ్లడం ఈ కొత్త పరీక్షకు అసలు పనికిరాదు, ఎందుకంటే నిద్రమత్తు వదిలేసరికి మొదటి సెక్షన్ అయిపోతుంది.

ఇంటి నుంచి రాసే వీలూ ఉంది, ప్రశ్నలు, స్కోరు అన్నీ అవే. ఫైబర్ నెట్, రౌటర్‌కు కూడా అందే ఇన్వర్టర్, తలుపు వేసుకునే గది మూడూ ఉంటేనే దీన్ని ఎంచుకోండి. గజపతి, కోరాపుట్ కొండ ఊళ్లలో ఫోన్ హాట్‌స్పాట్ నమ్ముకుని కూర్చోవడం నేను సలహా ఇవ్వను.

ఇంట్లో రాస్తే మామూలు కాగితం మీద లెక్క చేయనివ్వరు. చిన్న వైట్‌బోర్డు గానీ, పారదర్శక కవరులో పెట్టిన ఒక కాగితం గానీ పెట్టుకుని, దాని మీద చెరిపే మార్కరుతో రాయాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది, కాదు. లావు మార్కరుతో రెండు లెక్కలకే బోర్డు నిండిపోతుంది. చెరిపేటప్పుడు పక్క లెక్క కూడా పోతుంది. బోర్డును మార్కరుతోనే నాలుగు గడులుగా గీసుకుని, గడికి ఒక లెక్క చొప్పున చేయడం చివరి నెలంతా అలవాటు చేసుకోండి.

గదిలో మీరు తప్ప ఎవరూ ఉండకూడదు, తలుపు కెమెరాకు కనిపించాలి, చెవులు కనిపించాలి, ఇయర్‌ఫోన్లు వద్దు, బల్ల మీద తినే తాగే వస్తువులు ఉండకూడదు. పాసేజీ పెదవులు కదుపుతూ చదివే అలవాటుంటే మానుకోండి, అనుమానిస్తారు. ‘రెండున్నర గంటలు తలుపు కొట్టకమ్మా, టీ కూడా తేవద్దు’ అని అమ్మకు ముందు రోజే చెప్పండి. ఇంటికి వచ్చే చుట్టాలకు కూడా ఆ రోజు రావద్దని చెప్పించండి. ఎవరు లోపలికి వచ్చినా పరీక్ష రద్దయ్యే ప్రమాదం ఉంది.

ఏడో అడుగు: స్కోరు వచ్చాక

పరీక్ష ముగియగానే స్కోరు ఉంచాలా, రద్దు చేయాలా అని అడుగుతుంది. ఉంచమంటే వెర్బల్, క్వాంట్ అనధికార స్కోర్లు తెర మీదే కనిపిస్తాయి. భయంతో రద్దు నొక్కొద్దు. తక్కువ వచ్చినా, తర్వాత పంపేటప్పుడు ఏ తేదీ స్కోరు పంపాలో ఎంచుకునే హక్కు మీదే. ఎస్సేతో కలిపి అధికారిక స్కోరు 8 నుంచి 10 రోజుల్లో వస్తుంది. ఇదివరకటి కంటే ఇది త్వరగానే, గడువు దగ్గరపడ్డవాళ్లకు పెద్ద ఊరట.

పరీక్ష రోజున నాలుగు యూనివర్సిటీలకు స్కోరు ఉచితంగా పంపవచ్చు. తర్వాత పంపే ప్రతిదానికీ డబ్బు కట్టాలి. ఆ నాలుగు పేర్లు, డిపార్ట్‌మెంట్లు ముందు రోజు రాత్రే తేల్చుకుని పెట్టుకోండి. మొదటి అడుగులో రాసుకున్న కాగితం ఇక్కడ పనికొస్తుంది. స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది. ఫైనలియర్‌లో రాసి, రెండేళ్లు ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టుకుని వెళ్లాలనుకునేవాళ్లు మళ్లీ రాయనక్కర్లేదు.